పారుల గ్రూపులో డైరెక్టరు గారి పేరు

ఆ పరిశోధనా కేంద్రంలో ఏ పని మొదలైనా అందులో డైరెక్టరు గారి పేరు ఉండి తీరాలి. రొయ్యల జబ్బుల మీద వ్యాసం రాసినా, అలల ఎత్తు మీద రాసినా చివర్న ఆయన పేరు పడుతుంది. లాబ్‌లోకి కొత్త ఫ్రిజ్ వస్తే దాని నెత్తిన కూడా ఆయన పేరుతో ఒక పలక ఉంటుంది. ఇక కంప్యూటర్లలో దాచిన సమాచారాన్ని ఎవరెవరు తెరిచి చూడొచ్చో తేల్చే గ్రూపుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇద్దరు శాస్త్రవేత్తలు కలిసి గ్రూపు పెట్టుకుంటే మూడో పేరు డైరెక్టరుదే. ఆయన అది ఏనాడూ తెరవడు. తెరుస్తాడని ఎవరూ అనుకోరు కూడా. శుభలేఖ మీద కాలం చేసిన తాతగారి పేరు వేసినట్టు అదొక మర్యాద.

ఈ గ్రూపులన్నీ చూసుకునేది ప్రసీద. తిరువనంతపురంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ కేంద్రంలో ఆమె హోదా పేరు చాంతాడంత. చేసే పని మాత్రం ఒక్కటే. ఎవరు ఏది చూడొచ్చో, ఏది చూడకూడదో ఆమె చూడాలి. కొత్తవాళ్ళు చేరితే తలుపు తెరవాలి, వెళ్ళిపోతే మూయాలి. తెరిచినప్పుడు ఎవరూ ఆమెని తలుచుకోరు. మూసినప్పుడు మాత్రం అందరూ తిట్టుకుంటారు. ఆ తిట్లకి ఆమె ఎప్పుడో అలవాటు పడిపోయింది.

అన్ని గ్రూపుల్లోనూ మర్యాదగా డైరెక్టరు పేరు చేర్చిన ప్రసీద ఒక్కదాంట్లో మాత్రం చేర్చలేదు. దాని పేరు పారులు. పాత డైరెక్టరు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునే మనిషి కాబట్టి పట్టించుకోలేదు. కొత్తగా వచ్చిన డాక్టర్ శశిధర కురుప్పు అలా కాదు. వచ్చిన వారంలోనే తన పేరు ఎన్ని గ్రూపుల్లో ఉందో ఆరా తీయించాడు. ఒక్కదాంట్లో లేదని తెలిసేసరికి మిగతావన్నీ ఆయనకి ఆనలేదు. పైగా ఢిల్లీలో జరగబోయే మీటింగులో గోడంత తెర మీద చుక్కలు చుక్కలుగా మెరిసే పటం ఒకటి చూపించాలని ఆయనకి ముచ్చటగా ఉంది. ఆ చుక్కలున్నది ఆ గ్రూపులోనే.

పారు అంటే సముద్రం అడుగున ఉండే రాతి దిబ్బ. చేపలు అక్కడ చేరి గుడ్లు పెడతాయి, పిల్లలు అక్కడే పెరుగుతాయి. పైనుంచి చూస్తే అంతా ఒకే నీరు. చర్చి గోపురం వెనక ఏ కొండ కొమ్ము వచ్చి నిలబడుతుందో, దీపస్తంభానికి ఏ పక్కన పెంకుల ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపిస్తుందో చూసుకుని, ఆ రెండు వరసలూ కలిసేచోట వల దించుతారు. ఆ గుర్తుని కణిచ్చం అంటారు. అది తండ్రి కొడుక్కి చెప్పే మాట. అల్లుడికి కూడా చెప్పరు. కూలికి పడవెక్కినవాళ్ళని ఒడ్డుకి వీపు పెట్టి కూర్చోబెడతారు. తల వెనక్కి తిప్పినవాడికి మర్నాడు ఆ పడవలో చోటుండదు.

మణల్‌కర రేవులో స్టెల్లస్ అనే పెద్దాయనకి కొడుకుల్లేక తన కణిచ్చాలు కూతురు మెటిల్డాకి చెప్పాడు. ఊరు నోరు నొక్కుకుంది. తర్వాత అదే ఊరు ఆమెని మత్స్యకారుల సమితికి పెద్దని చేసింది. పారుల మీద చేపల లెక్క తీయాలని కేంద్రం వాళ్ళు వచ్చినప్పుడు మాట్లాడింది ఆవిడే. చాలా రోజులు కుదరదంది. చివరికి ఒప్పుకుంది, కానీ మూడు షరతులు పెట్టింది. పారులున్న చోట్లు గ్రూపులో ఉన్నవాళ్ళు తప్ప ఇంకొకరు చూడకూడదు. గ్రూపులో ఎవరిని చేర్చాలన్నా ప్రసీదా, తనూ ఇద్దరూ సరేననాలి. ఇచ్చినవాళ్ళు వెనక్కి అడిగిన రోజున మారు మాట్లాడకుండా ఇచ్చేయాలి. పాత డైరెక్టరు చదవకుండానే దాని మీద సంతకం చేశాడు.

ఆ పడవల్లో ప్రసీద కూడా వెళ్ళింది. అందరు కూలీల్లాగే ఆమెని కూడా పడమటి వైపు తిప్పి కూర్చోబెట్టారు. ఒడిలో ఉన్న యంత్రం చోటు రాసుకుంటుంటే ఆమె ఎదురుగా ఉన్న నీళ్ళని చూస్తూ కూర్చుంది, మధ్యమధ్య ఆ నీళ్ళలోకే వాంతి చేసుకుంది. ఒక్కసారి కూడా తల తిప్పలేదు. మెటిల్డా ఆ సంగతి గమనించింది. అప్పట్నుంచి ఆవిడకి ప్రసీద మీద గురి కుదిరింది.

డైరెక్టరు హుకుం మోసుకొచ్చినవాడు ఆయన పి.ఏ. సోమన్ నాయర్. ఎంతమంది డైరెక్టర్లు మారినా ఆ గది గడప దగ్గర నుంచి కదలని మనిషి. సారు పేరు పారుల్లో చేర్చేయమన్నారు, మధ్యాహ్నంలోగా అయిపోవాలి అన్నాడు. అడిగి చేరుస్తానంది ప్రసీద. ఎవరిని అడగాలి అన్నాడు. మెటిల్డా చేచిని అంది. అక్కడ అక్కని చేచి అని, అన్నని చేట్టన్ అని పిలుస్తారు. సోమన్ నాయర్ అది హాస్యమనుకుని నవ్వి, ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశాడు.

ఈ సోమన్ నాయర్ వల్లే ఆమెకి అంత పట్టుదల. ఆయన చెడ్డవాడని కాదు. అడిగినవాళ్ళకి లేదనలేని మనిషి, అదే వచ్చిన చిక్కు. డైరెక్టరు అకౌంటు డైరెక్టరు తెరవడు. సోమన్ నాయర్ తెరుస్తాడు. ఆయన సెలవు పెడితే టైపిస్టు తెరుస్తుంది. టూరు బిల్లులు పెట్టాల్సినప్పుడు డ్రైవరు కూడా తెరుస్తాడు. కిందటేడు ఎవరో దూరపు చుట్టం, కాలేజీ ప్రాజెక్టుకని అడిగితే సోమన్ నాయర్ జాలిపడి ఒక తీరం కొలతలు పంపించాడు. ఆ కొలతలు హోటల్ కట్టబోయే కాంట్రాక్టరు జేబులో తేలాయి. ఎవరూ దొంగతనం చేయలేదు. ఎవరూ డబ్బు తీసుకోలేదు. అందరూ మంచివాళ్ళే, తీరం మాత్రం పోయింది. పారుల చోట్లు అలా బయటపడితే పెద్ద పెద్ద దీపాలు కట్టుకున్న బోట్లు వచ్చి, గుడ్లతో ఉన్న చేపని, వేలెడంత పిల్లని కూడా వదలకుండా ఊడ్చుకుపోతాయి. ఆ తర్వాత మణల్‌కర వాళ్ళకి మిగిలేది రాళ్ళే.

ప్రసీద నియమం ప్రకారం డైరెక్టరు కోరికని మెటిల్డాకి పంపింది. జవాబు వచ్చేసరికి మామూలుగానే ఆయన అకౌంటు తెరిచి ఉన్నది సోమన్ నాయర్. ఆయనకి ఏది చదివినా పైకి చదివే అలవాటు. 'మీ అభ్యర్థనను ఎం. మెటిల్డా తిరస్కరించారు' అని గట్టిగా చదివాడు. కారణం రాయాల్సిన చోట ఆవిడ 'ఈయన ఎవరో మాకు తెలీదు' అని రాసింది. అదీ చదివాడు. భోజనాల వేళకల్లా క్యాంటీన్‌లో చాయ్ పోసేవాళ్ళ దాకా పాకిపోయింది. ఆ రోజంతా ఒకళ్ళనొకళ్ళు ఈయనెవరో మాకు తెలీదని పలకరించుకున్నారు.

సాయంత్రం ప్రసీదకి పిలుపొచ్చింది. కురుప్పు మొహం కందగడ్డలా ఉంది, గొంతు మాత్రం చల్లగా ఉంది. కూర్చోమనలేదు.

"ఈ కేంద్రానికి డైరెక్టరు ఎవరు ప్రసీదా?"

"మీరే సార్."

"ఈ భవనంలో నేను అడుగు పెట్టకూడని గది ఏదైనా ఉందా?"

ఆడవాళ్ళ బాత్రూం ఉంది అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"గదులు మనవి సార్. పారులు మనవి కావు. దాచిపెట్టమని ఇచ్చారు, దాచిపెట్టాం."

"అంటే నేను దొంగనా?"

"మీరు దొంగ కాదు సార్. కానీ మీ అకౌంటు మీ ఒక్కరిదీ కాదు. మీ పేరు చేరిస్తే మీ ఆఫీసు మొత్తం చేరినట్టే. కిందటేడు ఏమైందో మీరు సోమన్ చేట్టన్‌ని అడగండి, ఆయనే చెప్తారు. అబద్ధమాడే మనిషి కాదు."

తలుపు దగ్గరున్న సోమన్ నాయర్ గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు.

పాస్‌వర్డ్ మార్చుకుంటానన్నాడు కురుప్పు. మార్చుకోండి, చాలా మంచిదంది ప్రసీద. ఆ తర్వాత మణల్‌కర వెళ్ళి మెటిల్డా పడవ ఎక్కమంది. ఆవిడ సరేనన్న మరుక్షణం చేరుస్తానంది.

ఆయన కుర్చీలోంచి ముందుకు వంగాడు. "చేపలమ్ముకునే మనిషి ముందు వెళ్ళి నేను చేతులు కట్టుకుని నిలబడాలా?"

"నేను నిలబడ్డాను సార్."

కురుప్పు మళ్ళీ కుర్చీలో వెనక్కి వాలాడు. తర్వాత మీరు ఆ సీట్లో చాలాకాలం నుంచి ఉన్నట్టున్నారే అన్నాడు. సర్కారు ఉద్యోగం చేసినవాళ్ళెవరికైనా ఆ మాటకి అర్థం తెలుసు. ప్రసీద నమస్కారం పెట్టి బయటికొచ్చింది. మెట్లు దిగుతుంటే లోపల ఎక్కడో సంతోషంగా ఉంది. ఇన్నేళ్ళూ ఆ మెట్లు ఆమె తల వంచుకునే దిగింది.

బదిలీ ఉత్తర్వు రావడానికి ఆట్టే రోజులు పట్టలేదు. మినికాయ్ ద్వీపం. అక్కడ కేంద్రానికి ఒక చిన్న ఇల్లు, వాన కొలిచే గొట్టం ఒకటి, కాపలాకి ఒక మనిషి, బోలెడు పిల్లులు ఉన్నాయని చెప్పుకునేవారు. ఎదురు తిరిగినవాళ్ళని అక్కడికే పంపుతారు. తోటివాళ్ళు వరసగా వచ్చి పరామర్శించారు. ఒక పేరేగా చేర్చేయకపోయావా అన్నారు. పట్టు విడుపు ఉండాలన్నారు. ఇంట్లో భర్త కూడా ఆ మాటే అని, ఆమె చూసిన చూపుకి చల్లగా పేపరు అడ్డం పెట్టుకున్నాడు. మినికాయ్‌కైనా వెళ్తాను గానీ ఆ పేరు చేర్చను, ఎటూ మెటిల్డా సరేనంటే తప్ప ఎవరూ చేర్చలేరు అనుకుని ప్రసీద నిబ్బరంగా సామాను సర్దుకోసాగింది.

ఆ నిబ్బరాన్ని రెజి వచ్చి పోగొట్టాడు. కంప్యూటర్ల మరమ్మతు చూసే కుర్రతనం వదలని మనిషి. ఆమె సీటు ఇప్పుడు అతనికే ఇచ్చారు. తలుపు దగ్గరకి వేసి, కూర్చోకుండా నసుగుతూ నిలబడ్డాడు.

"చేచీ, మెటిల్డా చేచి అకౌంటు ఎవరి కింద ఉందో చూశావా?"

చూడాల్సిన పనేముంది. తనే పెట్టింది. కేంద్రంలో ఉద్యోగం లేనివాళ్ళకి సొంతంగా అకౌంటు ఇవ్వరు. ఇక్కడ పనిచేసేవాళ్ళెవరో ఒకరు తమ అతిథిగా చూపించి ఇప్పించాలి. అప్పట్లో ప్రసీద ఆవిడని తన సీటుకి అతిథిగా చూపించింది. మరో దారి లేదు, ఆలోచించింది కూడా లేదు. ఇంటి యజమాని వెళ్ళిపోతే అతిథి కూడా వెళ్ళిపోవాలని ఆ యంత్రంలో ఒక నియమం ఉంది. ఆమె ఆ సీటు దిగిన సాయంత్రమే మెటిల్డా అకౌంటు దానంతటదే మూసుకుపోతుంది. గ్రూపుకి ఇద్దరు పెద్దల్లో మిగిలేది ఒక్కరు, ఆ సీట్లో కూర్చునేవాడు. ఒక్కడే ఉంటే ఒక్కడి సరే చాలు.

"నువ్వు మళ్ళీ అతిథిగా పెట్టు" అంది ప్రసీద.

"కొత్త అతిథికి డైరెక్టరు సంతకం కావాలి చేచీ." రెజి నేల చూపులు చూశాడు. "నాకు ఇద్దరు పిల్లలు. ఆయన చేర్చమంటే చేర్చకుండా నేను నిలబడలేను. అది నీకు ముందే చెప్పాలనిపించింది."

ప్రసీద సర్దుతున్న సామాను పక్కన పెట్టింది. ఎవరూ తాళం పగలగొట్టక్కర్లేదు. తనని పడవెక్కిస్తే చాలు, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. అందుకే కురుప్పు ఒక్క మాటైనా పైకి అరవలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె మణల్‌కర వెళ్ళింది. చేపల వేలం అప్పుడే అయిపోయింది. మెటిల్డా బోర్లించిన పడవ మీద కూర్చుని, మోకాళ్ళ మీద గిన్నె పెట్టుకుని ఉడికించిన కర్రపెండలం, చేపల పులుసు తింటోంది. ఆమెకి కూడా పెట్టబోయింది. ప్రసీద తినలేనంది. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. అతిథి సంగతి కూడా దాచలేదు.

మెటిల్డా నమలడం ఆపి విన్నది. చెయ్యి కడుక్కుంది.

"అంటే ఇన్నాళ్ళూ మా ఇంట్లో నేనే చుట్టాన్నన్నమాట."

"తప్పు నాది చేచీ."

"తప్పు సంగతి తర్వాత చూసుకుందాం. మా నాన్న బతికుంటే నిన్ను పడవలోంచి తోసేసేవాడు, నన్ను కూడా. ఇప్పుడేం చేద్దాం, అది చెప్పు."

చేయగలిగింది ఒక్కటే ఉంది. ప్రసీద దారంతా దాన్నే తిప్పి తిప్పి ఆలోచించుకుంటూ వచ్చింది. మూడో షరతు. ఇచ్చినవాళ్ళు వెనక్కి అడిగితే ఇచ్చేయాలి. తను సీటు దిగకముందే, ఇద్దరూ సరే నొక్కితే పారులున్న చోట్లు శాశ్వతంగా చెరిగిపోతాయి. నకళ్ళు తెరిచే తాళంచెవి కూడా దాంతోనే పోతుంది కాబట్టి అవీ చెత్తే అవుతాయి. ఏ పారు మీద ఎన్ని చేపలు, ఏ నెలలో గుడ్లు అన్న లెక్కలు మాత్రం ఉంటాయి. అవి మణల్‌కర వాళ్ళు పెట్టుకున్న పేర్ల కిందే ఉన్నాయి, స్టెల్లస్ పారు, మూగ పారు, ఏడుపు పారు అని. ఆ పేర్లు ఎక్కడివో మణల్‌కర వాళ్ళకి తెలుసు. కేంద్రం వాళ్ళకి ఇక తెలియదు.

మెటిల్డా ఆమె మొహంలోకి చూసింది. "నీకు నష్టమా?"

"నష్టమే చేచీ. ఇన్నేళ్ళ పని. ఇలాంటి పటం ఈ తీరంలో ఇంకెవరి దగ్గరా లేదు. తలుచుకుంటే ఏడుపొస్తోంది. ఉద్యోగానికి కూడా ఏమవుతుందో తెలీదు." ఇసుకలోంచి ఒక గవ్వ తీసి మళ్ళీ పారేసింది. "అయినా అడగండి. మీరు అడక్కుండా నేను చేయలేను. నాకు ఆ హక్కు లేదు."

"వల పోతే ఇంకో వల అల్లుకుంటాం" అంది మెటిల్డా. "పారు పోతే అల్లుకోలేం. అడుగుతున్నాను. మా చోట్లు మాకిచ్చెయ్."

తర్వాత ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, ఇప్పుడైనా నాలుగు ముద్దలు తినమంది. ఈసారి ప్రసీద తిన్నది.

చాటుగా చేయాలనుకుంటే ఆ సాయంత్రమే ఇంటి నుంచి చేసేయొచ్చు. రెజి కూడా అదే సలహా ఇచ్చాడు. ప్రసీద ససేమిరా అంది. అదేమీ దొంగపని కాదు, దొంగలా చేయడం దేనికని అడిగింది. రిలీవ్ అయ్యే రోజున, అందరూ పనిలో ఉండగా, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని నేరుగా డైరెక్టరు గదిలోకి వెళ్ళింది. సోమన్ నాయర్ లోపలే ఉన్నాడు, సీటు అప్పగింతల కోసం రెజి కూడా వచ్చాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే కూర్చుని, ల్యాప్‌టాప్ ఆయన బల్ల మీద, ఆయనకి కనిపించేలా తెరిచింది.

మణల్‌కర సమితి తమ చోట్లని వెనక్కి అడిగింది, ఒప్పందం ప్రకారం ఇచ్చేస్తున్నాను, మీకు చెప్పి చేయడం మర్యాద కాబట్టి వచ్చాను అంది. కురుప్పుకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచాడు. ప్రజల డబ్బుతో చేసిన పరిశోధన అన్నాడు. దేశ సంపద అన్నాడు. ప్రసీద తల ఊపుతూ అన్నీ వింది. ఆ మాటలన్నీ ఆమెకీ తెలుసు, ఒకప్పుడు తనే మెటిల్డా ముందు వాటిని వల్లించింది.

"ఈ డబ్బు మనది సార్. ఈ చోట్లు మనవి కావు. నమ్మకం మీద ఇచ్చారు. ఆ నమ్మకం నిలబెట్టే మనిషిని మీరు మినికాయ్ పంపిస్తున్నారు. అందుకే వాళ్ళు వాళ్ళవి తీసుకెళ్ళిపోతున్నారు." ఆమె సరే నొక్కింది. రెండో సరే కోసం కబురు మణల్‌కర వెళ్ళింది.

"రెజీ, ఆపు దాన్ని" అన్నాడు కురుప్పు.

రెజి ఆపగలడు. ఆ యంత్రం ఎంత ముదిరినా అతని చేతిలోదే. ప్రసీద అతని వైపు చూడలేదు. ఇద్దరు పిల్లలున్నవాడు, ముందే చెప్పాడు కూడా. రెజి చొక్కా గుండీ తడుముకున్నాడు.

"ఆపుతాను సార్. ఒప్పందానికి విరుద్ధం కదా, రేపు నన్ను అడుగుతారు. ఆపమన్నారని ఒక్క ముక్క రాసివ్వండి, చాలు."

కురుప్పు పెన్ను తీశాడు. సోమన్ నాయర్ ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ పరుగున వెళ్ళి తెల్లకాగితం తెచ్చి ముందు పెట్టాడు. కురుప్పు దాని వైపు చూస్తూ ఉండిపోయాడు. రాస్తే అది ఫైల్లోకి వెళ్తుంది. ఒప్పందం సంగతి ఢిల్లీలో ఎవరైనా అడిగితే ఆ కాగితం మీద ఉండేది ఆయన పేరు ఒక్కటే, ఇంకెవరిదీ ఉండదు. ఫ్రిజ్ మీద కూడా పేరుండాలని కోరుకున్న మనిషి ఆ ఒక్క కాగితం మీద పేరు పెట్టడానికి జంకాడు. పెన్ను మూత పెట్టేశాడు.

అప్పటికీ మెటిల్డా జవాబు రాలేదు. వేలం వేళ, చేతులు తడిగా ఉంటాయి, ఫోను ఏ బుట్టలో ఉందో ఏమో. నలుగురూ ఆ తెర వైపే చూస్తూ ఉండిపోయారు. ఇప్పుడు కూడా వద్దని చెప్పొచ్చు, అంతా ఉన్నది ఉన్నట్టు ఉంటుంది అని ప్రసీదకి ఒక మనసు చెబుతూనే ఉంది. అంతలో తెర ఒకసారి కదిలింది. రెండో సరే వచ్చింది. పేర్ల పక్కన ఉన్న అంకెలు వరసగా మాయమైపోయాయి. అది ఇంత తొందరగా జరుగుతుందని ఆమె అనుకోలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు.

తర్వాత మళ్ళీ ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని ఇంకేదో నొక్కింది. ఈసారి మణల్‌కర నుంచి జవాబు వెంటనే వచ్చింది. అప్పటికే ఇద్దరూ అనుకుని ఉన్నారు.

"సార్, మీరు అడిగారు కదా, పారుల గ్రూపులో మీ పేరు చేర్చాను. మెటిల్డా చేచి కూడా సరేనన్నారు. ఇక నన్ను రిలీవ్ చేయండి."

కురుప్పు తన కంప్యూటరు వైపు తిరిగాడు. ఆ ఒక్కసారి తన అకౌంటు తనే తెరుచుకోబోయి, పాస్‌వర్డ్ గుర్తులేక సోమన్ నాయర్ వైపు చూశాడు. సోమన్ నాయర్ పైకే చెప్పాడు. గ్రూపు తెరుచుకుంది. మూగ పారు, ఏడుపు పారు, స్టెల్లస్ పారు, పేర్లన్నీ ఉన్నాయి. చేపల లెక్కలున్నాయి. ప్రతి పేరు పక్కనా చోటు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. ఆయన కిందిదాకా జరిపి చూశాడు, మళ్ళీ పైకి వచ్చాడు.

"ఇవన్నీ ఎక్కడున్నాయి?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే అడిగాడు.

ప్రసీద ల్యాప్‌టాప్ మూసి లేచి నిలబడింది.

"నాకూ తెలీదు సార్. నన్ను ఒడ్డుకి వీపు పెట్టి కూర్చోబెట్టారు."